ఎప్పుడో ఆపేయాల్సిందట!

ఏడేళ్ళ విరామం తర్వాత 1989లో రోలింగ్ స్టోన్స్ బ్యాండు మళ్ళీ టూరుకు బయల్దేరింది. టూరు పేరు ‘స్టీల్ వీల్స్’. పత్రికల వాళ్ళు ఊరుకుంటారా, దానికి ‘స్టీల్ వీల్‌చెయిర్స్’ అని ముద్దుపేరు తగిలించారు. చక్రాల కుర్చీల్లో తోసుకురావాల్సిన ముసలాళ్ళు అని ఎగతాళి. అప్పటికి గాయకుడు మిక్ జాగర్ వయసు 46. మన సినిమాల్లో ఆ వయసు హీరో పుస్తకాలు పట్టుకుని కాలేజీకి వెళుతుంటాడు.

2024 జులై 21న అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం, రిడ్జ్‌డేల్‌లో ఆ ఏటి టూరు ఆఖరి కచేరీ ముగించి వేదిక దిగేనాటికి అదే జాగర్‌కు 81 నిండడానికి అయిదు రోజులు తక్కువ. జోకు వేసినవాళ్ళలో ఎంతమంది ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారో గానీ, జోకు వెనకున్న అభిప్రాయం మాత్రం చెక్కుచెదరలేదు. రాక్ సంగీతం కొంచెం తెలిసినవాళ్ళు ఎవరిని కదిపినా అదే పాఠం ఒప్పజెబుతారు. స్టోన్స్ అసలైన కచేరీలు 1969 నుంచి 1973 వరకే, మిక్ టేలర్ గిటారు పక్కన ఉన్నంతకాలమే. మహా అయితే 1981 దాకా పొడిగించవచ్చు. ఆపైన జరిగిందంతా వ్యాపారం, తమ పాత పాటలకు తామే రికార్డింగ్ డాన్సు చేసుకోవడం. 45 ఏళ్ళొచ్చాక కూడా ‘సాటిస్‌ఫాక్షన్’ పాడుకుంటూ తిరగడంకన్నా చావడం నయమని జాగరే కుర్రతనంలో అన్నాడు కదా అని చివర్లో ఓ సాక్ష్యం కూడా పడేస్తారు. ముప్ఫై దాటినవాణ్ణి నమ్మొద్దనే రోజుల్లో ముప్ఫై ఒకటో ముప్ఫై రెండో ఉన్నవాడు అన్న మాటకు ఇంత విలువేమిటో నాకర్థం కాదు.

దాచుకోవడం ఎందుకు, నేనూ ఆ పాఠం ఒప్పజెప్పినవాణ్ణే. 2003 ఏప్రిల్ 4న బెంగుళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో స్టోన్స్ కచేరీ అని తెలిసి మా స్నేహితులు హైదరాబాద్ నుంచి రాత్రి బస్సుకు సీట్లు చేయిస్తుంటే, పంట కోసుకుపోయాక పరిగె ఏరుకోవడానికి అంతదూరం ఎవడొస్తాడని నేను ఇంట్లో కూర్చున్నాను. అప్పటికి జాగర్‌కు 59. ఆ తర్వాత ఆ పొలం ఇరవయ్యొక్క ఏళ్ళు పండింది. కనుక ఇక్కడ ఖండించబోయేది ముందుగా నా మాటనే.

స్వర్ణయుగం అనేదాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. 1962 జులై 12న లండన్ మార్క్వీ క్లబ్బులో మొదటి కచేరీ. మరుసటి ఏడు రిచ్‌మండ్‌లోని క్రాడాడీ క్లబ్బు. చెమటలు కక్కే ఆ చిన్న గదుల్లో జనం పాట విన్నారు, ఆడారు. పేరు పెరిగాక 1964 నుంచి 66 దాకా ఎవరు ఏం విన్నారో దేవుడికెరుక. అమ్మాయిల కేకల్లో గిటారు మునిగిపోయేది. పాడేవాడి పాట పాడేవాడికి వినిపించే మానిటర్ స్పీకర్లు అప్పటికింకా వేదిక మీదికి రాలేదు. అరగంట పాడితే అదే పెద్ద కచేరీ. అదీ సగంలో ఆగిపోయేది. 1964 జులై 24న బ్లాక్‌పూల్ ఎంప్రెస్ బాల్‌రూమ్‌లో జరిగిన రభసకు ఆ ఊరు స్టోన్స్‌ను నిషేధించి, మళ్ళీ 2008లో గానీ క్షమించలేదు. 1966లో ‘గాట్ లైవ్ ఇఫ్ యు వాంట్ ఇట్’ పేరుతో ఒక కచేరీ ఆల్బమ్ వచ్చింది. అందులో రెండు పాటలు శుభ్రంగా స్టూడియోలో పాడినవే. వాటి మీద జనం కేకలు తెచ్చి అతికించారు. రికార్డింగ్ డాన్సు అనే మాట వాడితే దానికి వాడాలి.

సరే, 1969. ఆ ఏడాది అమెరికా టూరు గొప్పతనాన్ని నేను కాదనను. నవంబరు 27, 28 తేదీల్లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వాయించినది ‘గెట్ యెర్ యా-యాస్ అవుట్’ ఆల్బమ్‌లో ఇవాళ విన్నా ఒంటికి తగులుతుంది. వాళ్ళకంటే ముందు వేదికెక్కి జనాన్ని వేడెక్కించినవాళ్ళు బీబీ కింగ్, ఐక్ అండ్ టీనా టర్నర్. కానీ ఆ టూరులోనే టికెట్ల ధరలు మరీ ఎక్కువని శాన్‌ఫ్రాన్సిస్కో విలేకరి రాల్ఫ్ గ్లీసన్ తన కాలమ్‌లో ఉతికి ఆరేశాడు. స్టోన్స్ డబ్బు యంత్రంగా మారింది 1989లో అనేవాళ్ళు ఈ సంగతి గమనించాలి. ఆ నింద స్వర్ణయుగం నడిమధ్యలోనే పుట్టింది. దానికి జవాబన్నట్టు టూరు చివర ఒక ఉచిత కచేరీ తలపెట్టారు. అదే ఆల్టమాంట్.

వేదికను మొదట సియర్స్ పాయింట్ అనే రేసు మైదానానికని తయారుచేశారు. అక్కడైతే అది మెరక మీద ఉండేది, జనం కిందుండేవారు, పెద్ద ఎత్తు అక్కర్లేదు. కచేరీ రెండ్రోజులుందనగా స్థలం మారింది. డిసెంబరు 6న ఆల్టమాంట్‌లో అదే వేదిక వాలుకు అడుగున పడింది. మనిషి నడుము ఎత్తు. పైనుంచి ఇంచుమించు మూడు లక్షల మంది తోపులాట ఆ పల్లానికే జారుతోంది. కాపలాకు హెల్స్ ఏంజెల్స్ అనే మోటారు సైకిళ్ళ ముఠా, చేతుల్లో బిలియర్డ్స్ కర్రలు. వేదిక ముందే మెరెడిత్ హంటర్ అనే 18 ఏళ్ళ నల్లజాతి కుర్రాణ్ణి కత్తితో పొడిచి చంపారు. మేసల్స్ సోదరుల ‘గిమ్మీ షెల్టర్’ సినిమాలో ఆ దృశ్యం ఉంది. ఒకసారి చూసినవాళ్ళు 1969 కచేరీల గురించి మత్తుగా మాట్లాడడం కష్టం. ఎత్తయిన వేదికలు, ఇనుప కంచెలు, లెక్కగట్టిన దారులు, నెలల తరబడి ప్లాను, ఇదంతా రాక్ అండ్ రోల్ కాదు, ఫ్యాక్టరీ అని మనం మూతి విరుస్తాం. ఆ ఫ్యాక్టరీ అవసరం ఎక్కడ తెలిసొచ్చిందో ఆ వాలు కింద నిలబడి ఆలోచించాలి.

అసలు ఆ స్వర్ణయుగం ఎవరిది? 1969–73 మధ్య స్టోన్స్‌ను కళ్ళారా చూసినవాళ్ళు ఏ దేశాలవాళ్ళు? అమెరికా, కెనడా, బ్రిటన్, పశ్చిమ ఐరోపా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్. 1967లో ఒక్కసారి వార్సా వెళ్ళి పాడొచ్చారు. 1973లో జపాన్‌కు బయల్దేరారు, టోక్యో బుడోకాన్ హాల్లో కచేరీలకు టికెట్లు కూడా అమ్ముడయ్యాయి. మాదకద్రవ్యాల కేసులో జాగర్‌కు పడిన పాత శిక్షను చూపి జపాన్ ప్రభుత్వం వీసా నిరాకరించింది. టికెట్టు కొని డబ్బు వాపసు తీసుకున్న కుర్రాళ్ళు పదిహేడేళ్ళు ఆగారు. 1990 ఫిబ్రవరిలో టోక్యో డోమ్‌లో పది రోజులు పాడారు స్టోన్స్. మొదటి రోజు హాల్లోకి అడుగుపెట్టిన నలభై ఏళ్ళ మనిషి పక్కన కూర్చుని, ‘బాబూ, వీళ్ళ పని 1973కే అయిపోయింది’ అని చెప్పగల ధైర్యం మనలో ఎవరికుంది?

అదే ఏడాది ఆగస్టు 18న ప్రాగ్. కమ్యూనిస్టు ప్రభుత్వం పడిపోయి ఏడాది కూడా కాలేదు. నాటక రచయిత వాక్లావ్ హావెల్ దేశాధ్యక్షుడు. సోవియట్ సైన్యం ఇంకా పూర్తిగా దేశం వదల్లేదు. ట్యాంకులు దొర్లుకుంటూ వెళుతున్నాయి, స్టోన్స్ దొర్లుకుంటూ వస్తున్నాయి అనే అర్థంలో పోస్టర్లు వేశారు. స్ట్రాహోవ్ స్టేడియంలో లక్ష మంది. ఆ రాత్రి కీత్ రిచర్డ్స్ గిటారు 1972 నాటి కంటే పదునుగా మోగిందా, మొద్దుగా మోగిందా అని తూకం వేసేవాణ్ణి నేను సంగీత విమర్శకుడనను, తూనికలు కొలతల శాఖ ఇన్స్పెక్టర్ అంటాను.

2006 ఏప్రిల్‌లో షాంఘై. కొన్ని పాటలు పాడకూడదని అధికారులు ముందే గీత గీశారు. అయినా ‘వైల్డ్ హార్సెస్’ పాడడానికి స్టోన్స్ తమ పక్కకు త్సుయ్ జియెన్‌ను పిలుచుకున్నారు. చైనా రాక్ సంగీతానికి తండ్రి లాంటివాడు, తన సొంత దేశంలోనే పెద్ద వేదికలకు ఏళ్ళ తరబడి దూరంగా ఉంచబడినవాడు. 2016 మార్చి 25న హవానాలో ఉచిత కచేరీ. రాక్ రికార్డులు చాటుగా వినాల్సిన కాలాన్ని చూసిన క్యూబా తాతలు మనవలను భుజాన వేసుకుని వచ్చారు. ఇక బెంగుళూరు, బొంబాయి బ్రబోర్న్ స్టేడియం సంగతి సరేసరి. మనకు వచ్చిన పెద్ద బ్యాండుల్లో చాలావరకు నెత్తి నెరిశాకే వచ్చాయి. 1973లో ఆపేయాల్సిందనే తీర్పు లండన్, న్యూయార్క్ ముందు వరస సీట్లలో కూర్చున్నవాళ్ళది. బాల్కనీ టికెట్టు కూడా దొరకని మనం దాన్ని బట్టీపట్టి అప్పజెప్పడం ఏం తెలివి? నేను పట్టాను కాబట్టి అడుగుతున్నాను.

ఇప్పుడు ‘ఎప్పుడూ అవే పాటలు’ అనే ఆరోపణ. పద్యనాటకం చూసి పెరిగిన మనమేనా ఈ మాట అనేది? సత్యహరిశ్చంద్ర కాటిసీను పద్యాలు నోటికి రానివాడు పందిట్లో ఎవడుండేవాడు? కథ తెలుసు, పద్యం తెలుసు, తర్వాతి పద్యం కూడా తెలుసు. ఈ రాత్రి ఈ నటుడు రాగం ఎక్కడికి తీసుకెళ్ళి ఎక్కడ దింపుతాడనేదే తెలియదు. దానికోసమే కదా చాపలు పరుచుకుని తెల్లవార్లూ కూర్చున్నది. నచ్చితే వన్స్‌మోర్! చచ్చి పడున్న పాత్రధారి కూడా లేచి మళ్ళీ పద్యం ఎత్తుకుని, పాడి, మళ్ళీ చచ్చేవాడు. పాట కొత్తదా పాతదా అనేది రికార్డు కొనేవాడి ప్రశ్న. కచేరీకి వచ్చినవాడి ప్రశ్న వేరు.

స్టోన్స్ వాయిద్యంలో ఆ తెలియని భాగం ఎక్కడుందో చెబుతాను. ఏ బ్యాండులోనైనా డ్రమ్ముల తాళం పట్టుకుని మిగతావాళ్ళు నడుస్తారు. స్టోన్స్‌లో తిరకాసు. ముందు నడిచేది కీత్ గిటారు. చార్లీ వాట్స్ డ్రమ్ములు దాన్ని అందుకునేవి, బిల్ వైమన్ ఉన్నంతకాలం ఆయన బాస్ ఇంకో వెంట్రుకవాసి వెనక. ఇక తప్పిపోతారు, కూలిపోతుంది అనిపించే చోట పాట నిలదొక్కుకునేది. గిటారులో అన్నిటికన్నా లావు తీగ పీకేసి, మిగిలిన అయిదు తీగలను ఓపెన్ జీ శ్రుతిలో పెట్టి కీత్ వాయించే పద్ధతిలో తీగకూ తీగకూ మధ్య ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో చార్లీ కూర్చునేవాడు. ఏ వీడియో అయినా పెట్టుకుని చార్లీ కుడిచేతిని మాత్రమే చూడండి. ఎడమచెయ్యి స్నేర్ డ్రమ్ము మీద పడే ప్రతిసారీ కుడిచెయ్యి హై-హాట్ తాళాల మీద పడకుండా గాల్లోకి తప్పుకుంటుంది. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు ఆగినట్టు. ఆ చిన్న మర్యాద వల్లే దెబ్బకూ దెబ్బకూ మధ్య గాలి ఆడుతుంది. ఎనభై వేలమంది స్టేడియంలో కూడా ఆయన ముందుండేవి ఏ జాజ్ క్లబ్బులోనో సరిపోయే నాలుగు గ్రెచ్ డ్రమ్ములే. ఈ నడక ప్రతి రాత్రీ కొత్తగా కుదరాల్సి వచ్చేది. కుదరని రాత్రులూ ఉన్నాయి, స్వర్ణయుగంలోనూ ఉన్నాయి.

పాటల జాబితా కూడా మనం అనుకున్నంత మూసపోసినది కాదు. 1982 నుంచి కీబోర్డు వాయిస్తున్న చక్ లెవెల్ నోటు పుస్తకాల్లో ప్రతి పాట శ్రుతి, నడక, ఎక్కడ ఏం మారిందీ రాసిపెడతాడు. ఊరికి రాగానే కిందటిసారి ఇక్కడ ఏం పాడామో తిరగేసి, జాగర్‌తో కూర్చుని ఆ రాత్రి వరస తేలుస్తాడు. 1971 ఆల్బమ్‌లోని ‘కాంట్ యు హియర్ మీ నాకింగ్’ పాటను స్టోన్స్ వేదిక మీద వాయించడం మొదలుపెట్టింది 2002లో. నేను పరిగె అన్న టూరు అదే మరి! 2015లో లాస్ ఏంజెలెస్ ఫాండా థియేటర్‌లో ఆ ఆల్బమ్ మొత్తం వాయించారు. బానిసత్వం మీద నడిచే ‘బ్రౌన్ షుగర్’ వాళ్ళు అత్యధికంగా పాడిన పాటల్లో ఒకటి. 2021లో దాన్ని పక్కన పెట్టేశారు. మ్యూజియంలో వస్తువులు ఇలా లోపలికీ బయటికీ తిరగవు.

పెద్ద స్టేడియాలు మొదలైనప్పటి నుంచి చిన్న గదికి పారిపోవడం కూడా వీళ్ళకు అలవాటే. 1977లో టొరంటో ఎల్ మొకాంబో, 1981లో వూస్టర్‌లోని సర్ మోర్గన్స్ కోవ్, 1995లో ఆమ్‌స్టర్‌డామ్ పారడిసో, 2012లో పారిస్‌లో ల ట్రబాందో. 1997లోనైతే ఆ చిన్న గదిని స్టేడియంలోకే తెచ్చారు. పెద్ద వేదిక నుంచి జనం నెత్తి మీదుగా ఒక వంతెన చాచుకుంటూ వచ్చేది. దాని మీద నడిచి నడిమధ్యలో ఉన్న బుల్లి వేదిక చేరుకుని, నాలుగు వాయిద్యాలతో రెండు మూడు పాటలు. ఇది గారడీయే. ఆరు పదులకు చేరువవుతున్నవాళ్ళు క్రాడాడీ క్లబ్బును మోసుకుంటూ తిరగడానికి చేసిన గారడీ.

ఇంత చెప్పానని స్టోన్స్ తరఫున వకాల్తా పుచ్చుకున్నట్టు కాదు. కోపం ఉండాల్సిందే, అది వయసు మీద కాకుండా బిల్లు మీద ఉండాలి. 1981 టూరుకు జోవన్ అనే సెంటు కంపెనీ పేరు తగిలించుకున్నారు. 1989లో మైఖేల్ కోల్ అనే కెనడా ప్రమోటర్ టూరు మొత్తాన్ని, టీషర్టులతో సహా, గుత్తకు తీసుకున్నాడు. అప్పటి నుంచి టికెట్టు ధర మధ్యతరగతివాడి చేతికందకుండా పోతూ వచ్చింది. 2012లో లండన్ ఓ2 అరీనాలో అన్నిటికన్నా చవక సీటే వంద పౌండ్ల దరిదాపుల్లో ఉంది. ఏ కార్మికవాడల కుర్రాళ్ళ కేకల మీద ఎదిగారో వాళ్ళ పిల్లలను గేటు బయట నిలబెట్టారు. 2024 టూరుకు స్పాన్సర్ ఏఏఆర్‌పీ, అంటే అమెరికాలో యాభై దాటినవాళ్ళ కోసం, రిటైరైనవాళ్ళ కోసం పనిచేసే సంఘం. వీల్‌చెయిర్ జోకు వేసినవాళ్ళకు ఇంతకన్నా నజరానా ఉంటుందా! నేనూ నవ్వాను.

ఇంకొకటి నవ్వుకు లొంగనిది. 2021 ఆగస్టు 24న చార్లీ వాట్స్ పోయాడు, ఎనభై ఏళ్ళ వయసులో. నెల తిరక్కముందే కాదు గానీ, నెలా రెండు రోజులకు సెయింట్ లూయిస్‌లో టూరు మొదలైంది. ఖాళీ వేదిక మీద డ్రమ్ముల మోత, తెరల మీద చార్లీ బొమ్మలు, తర్వాత స్టీవ్ జోర్డన్ కూర్చున్నాడు. జోర్డన్ దిట్ట, కీత్‌కు పాత తోడు. కానీ నా చెవికి ఆ కూలబోయి నిలదొక్కుకునే నడక పోయింది. తాళం నిటారుగా, బరువుగా పడుతోంది. 1989 తర్వాతదంతా స్టోన్స్ కాదనేవాళ్ళ మాట నేను ఒప్పుకోను. 2021 తర్వాతది వేరే బ్యాండు అంటే మాత్రం వాదించను. అందులో వయసు పాత్ర లేదు, ఒక మనిషి లేకపోవడం ఉంది.

వయసు అనే మాటకే వస్తే, అది స్టోన్స్ విషయంలో మొదటి నుంచీ తలకిందులు ప్రశ్న. వీళ్ళు కుర్రతనాన్ని చూసి సంగీతంలోకి వచ్చినవాళ్ళు కారు. ఇరవయ్యేళ్ళప్పుడు వీళ్ళు కావాలనుకున్నది షికాగో నల్లజాతి పెద్దల్లాంటి బ్లూస్ గాయకులు. బ్యాండు పేరే మడ్డీ వాటర్స్ పాటలోంచి తీసుకున్నది. 1981 నవంబరు 22 రాత్రి, అంతపెద్ద స్టేడియం టూరు మధ్యలో, షికాగో దక్షిణ భాగంలోని చెకర్‌బోర్డ్ లౌంజ్‌కు జాగర్, కీత్, బ్యాండులోని ఇంకో గిటారిస్టు రానీ వుడ్ వెళ్ళారు. ఇరుకు హాలు. వేదికపై మడ్డీ వాటర్స్, అరవై అయిదు దాటిన మనిషి. జాగర్ ఎర్ర ట్రాక్‌సూటులో ముందు బల్ల దగ్గర కూర్చున్నాడు. మడ్డీ పేరు పెట్టి పిలిస్తే లేచాడు. కీత్‌కు దారి దొరక్క బల్లల మీద కాళ్ళు వేసుకుంటూ వేదికెక్కాడు. పక్కన నిలబడి ముసలాయన కనుసన్నల్లో వాయించారు. ఏడాదిన్నర తిరక్కుండా మడ్డీ పోయాడు.

ఆ చెకర్‌బోర్డ్‌ను అప్పట్లో నడిపినవాళ్ళలో ఒకడు గిటారిస్టు బడ్డీ గై. 2006 శరదృతువులో న్యూయార్క్ బీకన్ థియేటర్‌లో మార్టిన్ స్కోర్సెసీ ‘షైన్ ఎ లైట్’ సినిమా కోసం స్టోన్స్ కచేరీని చిత్రీకరిస్తుంటే, మడ్డీ పాట ఒకటి పాడడానికి బడ్డీ గైని పిలిచారు. ఆయన ముందుకొచ్చి, గిటారు పట్టుకుని, మాట్లాడకుండా నిలబడి జనాన్ని ఒక చూపు చూశాడు. తర్వాత నోరు తెరిచాడు. ఆ పాట సాగినంతసేపూ జాగర్ అతిథిలా, బడ్డీ గై ఇంటి యజమానిలా కనిపిస్తారు. పాటయ్యాక కీత్ తన మెడలోని గిటారు తీసి ఆయన చేతుల్లో పెట్టాడు, ఉంచేసుకో అని. బడ్డీ గైకి అప్పుడు డెబ్భై ఏళ్ళు.